దించే చోటు

రాత్రి పదకొండు దాటింది.
గుంటూరు, ఏటుకూరు రోడ్డు, కోల్డ్ స్టోరేజీ కాటా గది.
నా పాత ల్యాప్‌టాప్ ఒక కొత్త ఖండాన్ని దించుకుంటోంది.
నలభై మూడు శాతం.
తేజ మిరప ఘాటుకి ఫ్యాను కూడా దగ్గుతోంది.

రెండేళ్లుగా మా ఆట పొగమంచు గోడ దగ్గర ఆగిపోయింది.
అరవయ్యో మెట్టు ఎక్కాక ఇంక మెట్టు లేదు.
నా యోధుడు రుధిరాక్షుడు
(నవ్వకండి, డిగ్రీ రెండో ఏడులో పెట్టిన పేరు)
ఆ గోడకి ముక్కు ఆనించి
లేని దారి వంక చూస్తూ నిలబడేవాడు.
తెల్లారితే గోడ ఉండదట.

సైదయ్య మేస్త్రీ టీ గ్లాసుతో వచ్చాడు.
"ఏందయ్యా అది, సినిమానా?"
"ఆట, బాబాయ్. పెద్దదవుతోంది."
"ఆట పెద్దదవటమేంది, పుట్టగొడుగా?"

ఏమేం వస్తాయో చదివి వినిపించాను.
మంచుకొండల అవతల ఉప్పు ఎడారి,
అందులో పూడిపోయిన పన్నెండు గోపురాల పట్నం.
ఎక్కి ఎగరడానికి రెక్కల దున్నపోతు
(ఇక్కడ ఆయన కాస్త ముందుకి వంగాడు).
చచ్చిన రాజు మళ్లీ లేస్తాడు, ఈసారి మూడు తలలు.
నీడలతో మాట్లాడేవాళ్ల కొత్త వృత్తి ఒకటి.
"వృత్తంటే కులమేగా. అక్కడా ఉన్నాయన్నమాట."
వానకి నిజంగా తడిసే గొంగళి.
మెట్లు అరవై నుంచి ఎనభైకి.
మనిషి మోయగల బరువు
వంద నుంచి నూట నలభైకి.

సైదయ్య గ్లాసు కింద పెట్టాడు.
"నలభై అంటే ఒక టిక్కీ.
ఇంకో టిక్కీ ఎత్తుకోమనా?"
"అందరూ అడిగి మరీ పెంచించుకున్నారు బాబాయ్."
"అడిగి?"
"అడిగి."

నవ్వాడు.
ముప్పయ్యేళ్ల గోనెపీచు ఒరిపిడికి కాయగాసిన మెడ
ఆ నవ్వుకి కదల్లేదు, మిగతా మనిషంతా కదిలాడు.
"ఒరే చిన్నంకయ్యా, ఇది విన్నావా,
బరువు పెంచితే పండగ చేసుకునే ఊరంట!"
బయట ముఠా అంతా
నవ్వేదో దగ్గేదో తెలీకుండా కాసేపు.

తర్వాత, గ్లాసు కడిగి బోర్లిస్తూ,
మామూలు గొంతుతో అడిగాడు:
"సరే. దించే చోటుందా?"

వెతికాను.
పైకీ కిందకీ, రెండుసార్లు.
గోపురాలున్నాయి, తలలున్నాయి, రెక్కలున్నాయి.
పాత ఆటలో సంచిలోంచి ఏది కింద పెట్టబోయినా
ఒక ప్రశ్న వచ్చేది: పారేస్తావా?
అవునంటే మాయం.
కాదంటే నీ వీపు మీదే.
మూడో మాట లేదు.
అదే చెప్పాను.

"మా పనే నయం," అన్నాడు సైదయ్య.
"దించింది దించిన చోట ఉంటది."
లారీ హారన్ కొట్టింది. తువ్వాలు తలకి చుట్టుకుంటూ వెళ్లాడు.

యాభై ఏడు దగ్గర కరెంటు పోయింది.
సెల్‌ఫోను వెలుగులో పుస్తకం పట్టుకుని
చప్పుడుని బట్టి లెక్క రాశాను.
ధబ్. ఒకటి.
ధబ్. రెండు.
మధ్యలో ఎవడో తల్లిని తలుచుకున్నాడు, అది రాయలేదు.
రెండింటికి కరెంటొచ్చేసరికి
రెండు వందల పన్నెండు.
ఒక్క టిక్కీ తేడా లేదు.

నాలుగున్నరకి గోడ తొలగింది.
చెవుల్లో మా జట్టు కేకలు.
బ్రాడీపేట ల్యాబులో రక్తాలు పరీక్షించే ఫర్జానా,
తెనాలి సెలూన్ కుర్రాడు బాజీ,
రా రా, దున్నపోతులు అయిపోతున్నాయి, రాజు లేచాడు.

నేను ఉప్పు అంచున ఆగి సంచి విప్పాను.
ఇరవై ఏడు కత్తులు.
ఎవరి తలదో గుర్తులేని ఇనప టోపీ.
ఏ గుర్రానికని దాచానో ఆ నాడాలు.
నూట నలభైలో నాకు తొంభై తొమ్మిది నిండే ఉంది.

పారేస్తావా?
అవును.
పారేస్తావా?
అవును.

ఒక్కటీ చప్పుడు చెయ్యలేదు.
బయట, ఇంకో లారీ.
ధబ్.